నా భార్యకు జోడీ నేనే

భీమిలిలో చక్రధరం అనే బ్యాంకు ఉద్యోగి ఉండేవాడు. పక్క సీటువాడికి ప్రమోషన్ వస్తే ఓర్చుకునేవాడు గానీ, భార్య ఒక్క మెట్టెక్కితే మాత్రం అతనికి అన్నం సహించేది కాదు.

భార్య శ్యామల ఆడపిల్లలకు ఈత నేర్పేది. గాలి సిలిండరు వీపున కట్టుకుని సముద్రం అడుగున ఈదే స్కూబా డైవింగ్ కూడా నేర్చుకోవాలని ఆమె కోరిక. ఊళ్లోని శిక్షణ కేంద్రంలో రెండు రకాల కోర్సులున్నాయి. ఒకటి ఒక్కపూటది. శిక్షకురాలే చెయ్యి పట్టుకుని నీటి అడుగుకు తీసుకెళ్లి, చేపల్ని చూపించి, ఫొటో తీసి ఒడ్డుకు చేరుస్తుంది. రెండోది నాలుగు రోజులది. పాఠాలు, పరీక్ష, సముద్రంలో మునకలు. అన్నీ దాటితే కార్డు. ఆ కార్డు ఉంటేనే పై శిక్షణ, ఆపైన అక్కడే ఉద్యోగం.

శ్యామల నాలుగు రోజులదానిలో చేరింది.

"పూటలో అయ్యేదానికి నాలుగు రోజులా? నీ బుర్ర సంగతి వాళ్లకీ తెలిసిపోయిందన్నమాట!" అన్నాడు చక్రధరం.

"అది చూసి రావడానికండీ. ఇది నేర్చుకోవడానికి" అంది శ్యామల.

మర్నాడే అతను సెలవు పెట్టి ఒక్కపూటది చేసొచ్చాడు. చేపల మధ్య బొటనవేలెత్తిన ఫొటోకు ఫ్రేము కట్టించాడు. నీళ్లలో ఆ సైగకు 'పైకి పోదాం' అని అర్థం. శ్యామల ఆ మాట చెప్పలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉండాలని ఆడవాళ్లు మింగే నిజాల్లో అదొకటి.

చివరి మునక రోజు వచ్చింది. డైవింగ్‌లో ఎవరూ ఒంటరిగా దిగరు. ఒకరి సామాను ఒకరు సరిచూసుకుని జోడీగా దిగుతారు. శ్యామలకు జోడీ నూకరాజు అనే తోటి విద్యార్థి అని తెలియగానే చక్రధరం పడవలోకి ఎక్కేశాడు.

"నా భార్యకు జోడీ నేనే. నేనూ డైవర్‌నే. కాదంటే శ్యామలా, దిగు, ఇంటికి పద."

 ఈ మునక పోతే కార్డు పోయినట్టే.

శిక్షకురాలు ఎస్తేరు నవ్వింది. "మంచిది సార్. ఆవిడ సిలిండరు సరిచూడండి."

చక్రధరం భార్య వీపు వెనక్కి వెళ్లి, సిలిండరు మీది పిడిని బిగుతుగా తిప్పాడు. "అంతా సరిగ్గా ఉంది. దూకు!"

శ్యామల దూకలేదు. నేర్చుకున్న ప్రకారం గాలి గొట్టం నోట పెట్టుకుని, గాలి ఎంతుందో చూపే మీటరు ముల్లు చూస్తూ పీల్చింది. రెండు ఊపిర్లు వచ్చాయి. మూడోది రాలేదు. ముల్లు సున్నా మీద వాలింది.

"తెరిచి ఉన్నదాన్ని మూసేశావు గదా బాబూ!" అన్నాడు నూకరాజు.

చక్రధరం తడబడ్డాడు. "నీ మంచికేనే... నేను నీ మొగుణ్ణి..."

"మొగుడే. జోడీ మాత్రం కాదు" అంది శ్యామల. నూకరాజు పిడి తెరిచాడు. ఆమె మళ్లీ పీల్చి చూసుకుని, అతనితో కలిసి నీళ్లలోకి దూకింది. వాళ్లు తిరిగొచ్చేదాకా చక్రధరం అలల ఊపుకు పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటూనే ఉన్నాడు.

సాయంత్రానికి శ్యామల చేతికి కార్డు వచ్చింది.

నీతి: భార్య ఎదుగుదలను చూసి అసూయపడేవాడు, ప్రేమ పేరు చెప్పి ఆమె ఊపిరినే కట్టేస్తాడు. పక్కన నిలబడే హక్కు తాళితో రాదు, నేర్చుకుంటే వస్తుంది.