రాణిగారి జెముడు మట్టలు

అనగనగా, ఏరు పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట ఒక పచ్చని రాజ్యం. దాన్ని ఏలే రాజు పద్మాకరుడు. ఎంతో మంచివాడు. ఒకటే లోపం. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా! మన రాజు అడగకుండానే పెడతాడు. అదీ తనకు ఇష్టమైనదే పెడతాడు.

ఆయన పడమటి రాళ్లకొండల్లో గొర్రెల దొర కూతురు ఓబులక్కను పెళ్లాడాడు. ఆ కొండలకు వాన చుట్టపుచూపుగా వస్తుంది. అక్కడ గొర్రెల దొడ్డికి నాగజెముడే కంచె. పెళ్లికూతురు ఆ పుట్టింటి కంచె నుంచి మూడు జెముడు మట్టలు కోసుకుని అత్తింటికి పోవాలి. వాటిని మొగుడే తన చేతులతో నాటాలి. ఏడాది తిరిగేలోగా ఒక్కటైనా వేరూని పూస్తే పిల్ల అక్కడ కుదురుకున్నట్టు. లేకపోతే అన్న బండి కట్టుకొచ్చి వెనక్కి తీసుకుపోతాడు. అది వాళ్ల ఆచారం.

రాణి అంటే రాజుకు ప్రాణం. అందుకే మొదటి మట్టను మెత్తని నల్లరేగడి మడిలో నాటాడు. పూటపూటకూ నీళ్లు పోశాడు.

"ఇన్ని నీళ్లు వద్దు ప్రభూ" అంది రాణి.

"నీళ్లు వద్దనే మొక్క ఉంటుందా, పిచ్చిదానా!" అని నవ్వాడు రాజు.

కొద్ది రోజులకే మట్ట కుళ్లి జావలా చేతికంటింది.

"పాపం, ఎండదెబ్బ తగిలినట్టుంది" అనుకున్నాడు ఆ మహానుభావుడు. రెండో మట్టను తీసుకెళ్లి తమలపాకు తోటలో, పందిరి నీడన నాటాడు. అది పాలిపోయి, సన్నగా సాగి, తన బరువుకు తానే ఒరిగిపోయింది.

అంతఃపురంలో రాణి కూడా అలాగే పాలిపోయింది. పట్టుపరుపులు, తెరల చాటు చల్లదనం, మూడు పూటలా పరమాన్నం. రాజు ఏ లోటూ చేయలేదు. ఆమెకే ముద్ద దిగేది కాదు.

చలికాలం వెళ్లిపోతోంది. మూడో మట్ట కిటికీ గూట్లో మరుగున పడి ఉంది. రాజు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కాస్త ముడతలు పడింది గాని, ఇంకా పచ్చగానే ఉంది. నాటాలంటే భయం వేసి, ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నువ్వూ చస్తే నా రాణి వెళ్లిపోతుందే! నీకేం కావాలో చెప్పవే తల్లీ!"

రాజు పుట్టి బుద్ధెరిగాక ఒకరిని ఈ మాట అడగడం అదే మొదలు. మట్ట నోరు విప్పింది.

"అడిగావు గనుక చెబుతాను రాజా. నీ నేల చెడ్డదని కాదు, అది వరికి పుట్టిల్లు. నాకు నీరు నిలవని రాళ్ల నేల కావాలి. చుర్రుమనే ఎండ కావాలి. ఎప్పుడో పడే వానను ఒంట్లోనే దాచుకుంటాను. ఆకులుంటే ఆ తడి ఎగిరిపోతుందని ముళ్లు తొడుక్కున్నాను. నాటాక నన్ను కొంచెం మరిచిపో, చాలు."

"చుక్క నీరు లేకుండా ఇన్నాళ్లు గూట్లో బతికావా! ఎంత గొప్పదానివే!" అని రాజు చేతులు జోడించాడు.

కోట వెనక, కట్టుబడిలో మిగిలిన రాళ్లూ పెంకులూ పోసిన దిబ్బ ఒకటుంది. అక్కడ నీరు నిలవదు, నీడ పడదు. రాజు ఆ దిబ్బ మీద మట్టను నాటాడు. నీళ్లు పోయాలని చెయ్యి లాగుతుంటే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడిచాడు.

తిన్నగా రాణి దగ్గరికి వెళ్లాడు. "ఓబులక్కా, మరి నీకేం కావాలి?"

ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. "జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. పొద్దుటెండలో నాలుగు గొర్రెల వెనక ఉత్తకాళ్లతో నడవాలని ఉంది ప్రభూ."

"అంతేనా!" అన్నాడు రాజు. ఆ సాయంత్రమే అంతఃపురంలో జొన్నరొట్టె కాలింది. మర్నాటి నుంచి దిబ్బ చుట్టూ గొర్రెలు తిరిగాయి.

ఎండలు ముదిరాయి. ఏడాది నిండింది. అన్న కాటన్న బండి కట్టుకుని వచ్చాడు. దిబ్బ దగ్గర చెల్లెలు ఎండకు కమిలి, నవ్వుతూ నిలబడి ఉంది. పక్కన ముళ్ల మధ్య జెముడు పసుపుపచ్చగా పూసి ఉంది.

"ఏమ్మా, వస్తావా? ఈడ్నే ఉంటావా?" అన్నాడు కాటన్న.

"ఈడ్నే ఉంటాన్నా" అంది ఓబులక్క. "ఈయన అడగడం నేర్చుకున్నాడు."

బండి ఖాళీగా తిరిగిపోయింది.

నేల ఎరిగి నాటితేనే మొక్క నిలుస్తుంది. మనసు అడిగి పెడితేనే ప్రేమ నిలుస్తుంది.