మాణిక్యం చెయ్యి

"కాలవా కాలవా ఎటు పోతావు,
కలువల పెళ్ళికి నే పోతా,
నన్నూ వెంట తీసుకుపోవా..."

ఆ తర్వాతి మాటలు భద్రమ్మకు ఎంతకీ గుర్తుకు రావు. చిన్నప్పుడు చెల్లెలితో కలిసి పాడుకున్న పాట. అక్కడిదాకా కూనిరాగం తీసి ఆగిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మలు గీస్తున్నంతసేపూ అదే వరస.

నేర్పే ఆయన పేరు భావనారాయణ మాస్టారు. ఒకప్పుడు చీరల అంచులకు గళ్ళ కాగితం మీద డిజైన్లు వేసేవారు. కాగితం పోయి కంప్యూటరొచ్చాక ఆ గళ్ళలోనే కదిలే బొమ్మలు చెయ్యడం పట్టుకున్నారు. మగ్గాల షెడ్డు పక్క గదిలో, ఎవరొచ్చినా కూర్చోబెట్టి నేర్పుతారు. మాట తక్కువ మనిషి.

ఒక బొమ్మ గియ్యాలి. దాని మీద ఇంకొకటి గీస్తుంటే, కిందది పల్చటి నీడలా కనబడుతూనే ఉంటుంది. ఆ నీడకు వెంట్రుకవాసి పక్కకు జరిపి కొత్తది గియ్యాలి. అలా వరసగా గీసుకుంటూ పోయి వేగంగా తిప్పితే, కదలని బొమ్మలే కదులుతాయి. చివరిది అయిపోగానే మళ్ళీ మొదటిది వస్తుంది. విద్యంతా ఇంతే.

ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్న భద్రమ్మకు, అక్షరాలకంటే ఇదే తేలిగ్గా పట్టుబడింది. తోటివాళ్ళు సీతాకోకచిలుకల్నీ చేపపిల్లల్నీ చేసుకున్నారు. ఆమెకు కావలసింది ఒక్కటే, చెల్లెలు మాణిక్యం చెయ్యి.

తను పెళ్ళయి బండెక్కి అత్తారింటికి పోతుంటే మాణిక్యం గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. ఆ ఏడే ఉప్పెనొచ్చి ఆ గుమ్మాన్నీ, గుమ్మంలో పిల్లనీ తీసుకుపోయింది. ఫోటో లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ ముఖం చెరిగిపోయింది. ఊగుతున్న చెయ్యి ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే తనకంటూ ఒక చెల్లెలుండేదని చెప్పడానికి ఏమీ ఉండదని భద్రమ్మ భయం.

అందుకని గుమ్మం గీసింది. పరికిణీ గీసింది. ముఖం గుర్తురాక, ఆ చోటును ఇంటిలోపలి చీకటితో నింపేసింది. ఇక చెయ్యి. నీడ మీద చెయ్యి, ఆ నీడ మీద ఇంకో చెయ్యి.

బొమ్మలన్నీ కలిపి తిప్పిన రోజు, ముఖంలేని పిల్ల గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. ఊపుతూనే ఉంది. ఎక్కడ అయిపోయిందో, ఎక్కడ మొదలైందో తెలియనంత నున్నగా కుదిరింది అతుకు. మగ్గాల దగ్గర ఆడవాళ్ళు చూడ్డానికొచ్చారు. భద్రమ్మకు ఒళ్ళు పొంగింది. వాళ్ళలో నాంచారి అని ఒక కొంటె పిల్ల ఉంది. కాసేపు తేరిపార చూసి,

"పెద్దమ్మా, ఈ పిల్ల మనల్ని పొమ్మంటోందా, రమ్మంటోందా?" అంది.

అందరూ నవ్వారు. నవ్వి, పనుందంటూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

కంప్యూటరు ఆపొద్దని భద్రమ్మ మాస్టారిని బతిమాలుకుంది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, సరేనన్నారు. ఇక ఆమె పొద్దున్నే రావడం, తెర ముందు కూర్చోవడం, పిలిస్తే గాని లేవకపోవడం. కోడలు అన్నం తెచ్చి పెడితే ఆ అన్నం అలాగే ఎండిపోయేది.

కొన్నాళ్ళకు ఆమెకు ఒకటి తోచింది. చెయ్యి మునుపటంత పైకి లేవడం లేదు. బొమ్మల్ని విడివిడిగా తీసి చూసింది. ఒక్కోటీ తను గీసింది గీసినట్టే ఉంది. కలిపి తిప్పితే మాత్రం, చెయ్యి సగంలో వణికి, కష్టంగా లేస్తోంది. చీకటి నింపిన తల భుజం మీదికి వాలుతోంది. కళ్ళ దోషమేమో అనుకుంది. కానీ ఆ పొద్దున జడ వేసుకోబోతే తన కుడిచెయ్యి కూడా పైకి లేవలేదు.

మాస్టారి దగ్గరకు పోయి, బొమ్మలో ఏదో పొరపాటు జరిగిందనీ, మళ్ళీ మునుపటిలా ఊగేటట్టు బాగుచెయ్యమనీ అడిగింది.

ఆయన ముక్కాలిపీట లాక్కుని, తెరకు వీపు పెట్టి ఆమెకు ఎదురుగా కూర్చున్నారు. కుడిచెయ్యి ఎత్తి ఊపడం మొదలుపెట్టారు.

ఏదో చూపించబోతున్నారని ఆమె కాచుకుంది. ఆయన ఊపుతూనే ఉన్నారు. వెనక పిల్ల చెయ్యి లేచినప్పుడు ఆయన చెయ్యి లేస్తోంది, వాలినప్పుడు వాలుతోంది. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. గ్లాసులో టీ తొరకగట్టింది. పక్క షెడ్డులో మగ్గాలు భోజనాలకు ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మోచెయ్యి వణకసాగింది. పెదవులు పాలిపోయాయి.

"దించండి మాస్టారూ," అంది భద్రమ్మ.

ఆయన దించలేదు. ఆమె లేచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"మీకు దణ్ణం పెడతాను, దించండి."

ఆయన చెయ్యి ఒళ్ళో పడింది. ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"నాకైతే దించమని చెప్పావు," అన్నారు.

భద్రమ్మ తెర వైపు చూసింది. పిల్ల ఊపుతూనే ఉంది.

దించితే ఇక కనబడదేమోనని ఆమె గొణిగింది. ఆయన భుజం రుద్దుకుంటూ కూర్చున్నారు.

ఆమె కొత్త బొమ్మ పెట్టింది. కిందటి చెయ్యి నీడలా కనబడుతోంది. దానికి వెంట్రుకవాసి కిందుగా గీసింది. తర్వాత ఇంకొకటి. చివరి బొమ్మలో చెయ్యి పరికిణీ పక్కకు చేరింది. మళ్ళీ మొదటికి పోకుండా అక్కడే ఆగిపొమ్మని కంప్యూటరుకు చెప్పింది. కళ్ళు మూసుకుని మీట నొక్కి, తెరిచింది.

చెయ్యి మెల్లగా దిగింది. ఆగింది.

ఆమె ఇంకా ఊపిరి వదలనే లేదు, పిల్ల వెనక్కి తిరిగింది. వీపు మీద జడ కనబడింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ ఇంట్లోకి నడిచి చీకట్లో కలిసిపోయింది. గుమ్మం ఖాళీ అయింది.

భద్రమ్మ బొమ్మలన్నీ ఒకటొకటిగా వెనక్కి తిప్పింది. అన్నిటిలోనూ పిల్ల ఇటు తిరిగే ఉంది. జడ ఎక్కడా లేదు.

"మాస్టారూ, ఇది నేను గియ్యలేదు," అంది. ఏది గియ్యలేదో చెప్పలేదు.

మాస్టారు తెరకు వీపు పెట్టి అలాగే కూర్చుని ఉన్నారు.

"చాలా కాలం నిలబడిందమ్మా," అన్నారు. "కాసేపు పడుకోనీ."