కాలేయపురంలో కుముదసేనుడు

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా ఊహ తెలియని రోజుల్లో, ధీరకేతువనే రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తికి పెట్టింది పేరు. రెండోవాడు నిప్పుబాణాలకు పెట్టింది పేరు. మూడోవాడు కుముదసేనుడు. వాడికి తల్లి లేదు, స్నేహితుడు లేడు. అన్నలకు వాడు ఆటలో అరటిపండు.

ఒక ఏడు రాజు మంచం పట్టాడు. కుడిపక్క, పక్కటెముకల కింద కాలేయం ఉంటుంది చూడండి, అందులో పీతకళ్ల మాంత్రికుడు కాపురం పెట్టాడు. వాడికి వెయ్యిమంది భటులు. వాళ్లు కాలేయం దాటి ఒళ్లంతా పాకితే రాజు దక్కడని వైద్యుడు తలవంచుకుని చెప్పాడు.

అప్పుడొక గండుచీమ వచ్చి, "నా వీపెక్కండి. కంటికి కనబడనంత చిన్నవాళ్లను చేసి, గంజి చెంచాలో లోపలికి తీసుకుపోతాను" అంది.

పెద్దవాడు వెళ్లాడు. కనిపించిన భటుణ్ణల్లా నరికాడు. ఇక్కడ నరికితే పక్క వీధిలో మొలిచారు. చేతులు పడిపోయి తిరిగొచ్చాడు. రెండోవాడు వెళ్లాడు. కనిపించిన భటుణ్ణల్లా కాల్చాడు. ఇక్కడ కాలిస్తే పక్క వీధిలో మొలిచారు. మీసాలు కాల్చుకుని తిరిగొచ్చాడు. ఇక మిగిలింది కుముదసేనుడు. అన్నలు పకపకా నవ్వారు. క్షేమంగా వెళ్లిరా అన్నవాడు ఒక్కడూ లేడు.

చీమ వీపు మీద అతను ఏడు నెత్తుటి ఏరులు దాటాడు. ఒడ్డున చీమ ఆగి, "ఇక నువ్వొక్కడివే వెళ్లాలి నాయనా. నేనిక్కడ కాపలా ఉంటాను" అంది.

కాలేయపురం చాలా పెద్ద ఊరు. కోట్ల ఇళ్లు, ఇంటికొక్కరే మనిషి. ఇంటికీ ఇంటికీ మధ్య తాళ్ల అల్లిక. ఆ తాళ్లే ఊరిని నిలబెట్టేవి, వాటి మీదుగానే ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి అందేది. ఇప్పుడవి ఇనపకమ్మీల్లా బిగిసి తలుపులన్నీ మూసుకుపోయాయి. కుముదసేనుడు తలుపు తలుపూ తట్టాడు. ఎవరూ పలకలేదు. కన్నతండ్రి ఒంట్లో ఉండి కూడా దిక్కులేనివాణ్ణయ్యానే అని అతనికి ఏడుపొచ్చింది.

ఆ ఏడుపు విని, తాళ్లు అల్లే తంతుమతి అనే పిల్ల వచ్చింది.

"ఎందుకిన్ని తాళ్లు?" అని అడిగాడు.

"ఏ ఇంటికి దెబ్బ తగిలినా చుట్టూ తాడు కట్టడం మా ఆచారమండీ. మానగానే విప్పేసేవాళ్లం. ఈమధ్య ఎవరో రోజంతా 'అబ్బా, నొప్పి!' అంటున్నారు. పాపం కదా, కడుతూనే ఉన్నాం. విప్పడానికి తీరికేదీ?"

కుముదసేనుడు కత్తి దూసి తాళ్లు తెంపాడు. మూడు ఇళ్లు కూలిపోయాయి. "అయితే మాంత్రికుడి చుట్టూ గోడలా అల్లండి" అన్నాడు. అల్లారు. భటులు దానిమీదెక్కి, రాజబాట దొరికినట్టు, తిన్నగా ఏటి ఒడ్డుకు నడిచారు. ఏట్లో దూకబోయిన ఇద్దరినీ చీమ కొరికి చంపబట్టి సరిపోయింది గానీ, లేకపోతే కొంప మునిగేది.

మూడోసారి అతను ఏమీ చెయ్యలేదు. ఒక తాటికి చెవి ఆనించి కూర్చున్నాడు. ఒంటరిగా పెరిగినవాడు కదా, వినడం బాగా తెలుసు. 'అబ్బా, నొప్పి!' అన్న అరుపు వంద వీధుల్లోంచి వస్తోంది, కానీ గొంతు ఒక్కటే. అది మాంత్రికుడి గొంతు!

వాడి ప్రాణం ఏ చిలకలోనో ఉందనుకున్నారా? చిలకా లేదు, గిలకా లేదు. ఇళ్ల బయట ఈ తాళ్లలో ఉంది. జాలిపడి జాలిపడి, ఆ వెర్రిబాగులవాళ్లే దాన్ని పెంచి పోషించారు.

మళ్లీ అరుపు వినగానే కుముదసేనుడు అల్లికవాళ్లను వెంటబెట్టుకు వెళ్లాడు.

"గాయం చూపించు, కడతాం."

"ముందు కట్టండి, తర్వాత చూపిస్తా!"

"ముందు గాయం."

గాయం ఉంటేగా! అల్లికవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. గాయం మానిన ఇళ్ల తాళ్లన్నీ ఒక్కో పోగే విప్పారు. భటుల కాళ్లు దిగబడిపోయాయి. మాంత్రికుడు చేటంతై, గోరంతై, ఆరిపోయాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఎన్నాళ్లకో ఇరుగూపొరుగూ పలకరించుకున్నారు.

"పద నాయనా, ఇంటికి" అంది చీమ.

తంతుమతి కళ్లనీళ్లు పెట్టుకుంది. "మావాళ్లవి జాలిగుండెలండీ. ఏ మూలైనా వాడి నలుసు మిగిలి మళ్లీ అరిస్తే మళ్లీ కట్టేస్తారు. అప్పుడు రాజుగారు బతకరు."

కుముదసేనుడు చాలాసేపు ఆలోచించాడు. చీమను ఒంటరిగానే పంపేశాడు.

తంతుమతిని పెళ్లాడి కాలేయపురానికి రాజయ్యాడు. రోజూ వీధివీధీ తిరిగి, గాయం చూసి కట్టించేవాడు, మానితే విప్పించేవాడు. బయట ధీరకేతువు లేచి తిరిగాడు, అరవై ఏళ్లు సుఖంగా ఏలాడు. జబ్బు నయమయ్యాక కూడా కుముదసేనుడు లోపలే ఉండిపోయాడని చీమ చెప్పింది గానీ, చీమ మాట ఎవరు నమ్ముతారు? చిన్నకొడుకు కోసం ఆయన సప్తసముద్రాల అవతలికీ మనుషుల్ని పంపాడు. రోజూ పొద్దున్నే మేడెక్కి, "కుముదా! ఎక్కడున్నావురా నాన్నా!" అని గొంతెత్తి పిలిచేవాడు.

ఆ పిలుపుకు కాలేయపురమంతా కదిలేది. కుముదసేనుడు చేతిలో తాడు వదిలి లేచి నిలబడేవాడు.

"ఇక్కడే ఉన్నాను నాన్నగారూ" అనేవాడు. వినబడదని తెలుసు. అయినా పిలిచిన ప్రతిసారీ పలికేవాడు.