సాలీడుకు కట్టిన ఇల్లు

ఖాసింపీరా చిల్లా గదిలోంచి కేకలు పెట్టుకుంటూ బయటికొచ్చి బురదలో పడ్డాడు.

చిల్లా అంటే నలభై రోజులు ఒంటరిగా గదిలో కూర్చుని దేవుణ్ణి తలుచుకోవడం. నల్లమల అంచున ఉన్న లతీఫ్ షా తకియాలో, అంటే ఆయన నడిపే ఫకీర్ల మఠంలో, శిష్యులు అది పూర్తిచేస్తేనే గురువు తన చేత్తో తలకు టోపీ పెడతాడు. మధ్యలో లేచొస్తే ఇంకొక్క అవకాశం. అదీ తప్పితే మూట సర్దుకోవాల్సిందే.

చిరుతలు తిరిగే కనుమ ఒక్కణ్ణే దాటొచ్చానని ఖాసింపీరా వచ్చిన రోజే అందరికీ చెప్పుకున్నాడు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అంటారు. ఇతని కాళ్ళు మాత్రం గడప చక్కగానే దాటాయి.

"సాలీడు, హజ్రత్! అరచెయ్యంత ఉంది. ఒళ్ళంతా వెంట్రుకలు. నా చాప మీదికే వచ్చింది. చెంబు విసిరి కొట్టాను."

లతీఫ్ షా లోపలికి వెళ్ళి చూశాడు. గోడవార ఉన్న బొరియ వాననీటితో నిండి పొంగుతోంది. సాలీడు మూలకు ముడుచుకుని ఉంది. ఒక కాలు విరిగి వేలాడుతోంది. ఆయన చెంబు దాని ముందు పడుకోబెట్టి, వెనకనుంచి చీపురుపుల్లతో మెల్లగా తోశాడు. అది చెంబులోకి దూరింది. పైన గుడ్డ కప్పి శిష్యుడి చేతికిచ్చాడు. ఖాసింపీరా చెంబును ఒంటికి ఆమడదూరంగా చేతులు చాచి పట్టుకున్నాడు.

"దీని కొంప వానకు మునిగింది. కాలు నీ చేతిలో విరిగింది. వానలు తగ్గేదాకా దీనికి ఇల్లు నువ్వే కట్టు. ఇది బతికితే మళ్ళీ చిల్లాలో కూర్చో. చస్తే మీ ఊరికి పో."

"కరిస్తే, హజ్రత్?"

"కరుస్తుంది. చెయ్యి పెట్టమాకు. నేను పెట్టానా?"

ఊరికి పోతే నాన్న ఏమీ అనడు. ఆయనకు దూదీ, దూదేకే విల్లూ తప్ప లోకం పట్టదు. ఊరు మాత్రం ఊరుకోదు. సాలీడుకు జడిసి పారిపోయొచ్చిన ఫకీరని చచ్చేదాకా పిలుస్తుంది. ఆ మాట తలుచుకుని ఖాసింపీరా పనిలోకి దిగాడు.

పాత అలమారాకు ఉన్న అద్దాలు ఊడదీసి, చెక్కలు బిగించి నడుమెత్తు పెట్టె చేశాడు. ఎగిరినా అందకూడదని అంత ఎత్తు. ఏ మూల నిలబడినా కనబడాలని మూడు వైపులా అద్దాలు. సందుల్లో మైనం కూరాడు. అడుగున పిడికెడు ఇసుక చల్లి, మీద నాపరాయి మూత పెట్టాడు. ఆ మూత ఎత్తడానికి అతనికే రెండు చేతులూ కావాలి. చెంబు అందులో దించి, కట్టెతో గుడ్డ లాగి, పరుగున వెనక్కొచ్చాడు. పెట్టె పక్కన లాంతరు పెట్టి కాపలా కూర్చున్నాడు.

సాలీడు కళ్ళెదుట ఉంటే ఒక భయం. చూపు పక్కకు మళ్ళితే వంద భయాలు. కనబడని సాలీడు ఎక్కడైనా ఉండొచ్చు కదా, దుప్పట్లో, చెప్పులో, మెడ వెనకాల. నిద్రలోనూ అతని చెయ్యి మెడ తడుముకుంటూనే ఉండేది.

సాలీడు మాత్రం ఏమీ ముట్టలేదు. మిడతను వేశాడు, బొద్దింకను వేశాడు. అతను కదిలినప్పుడల్లా ముందుకాళ్ళు పైకెత్తి నిలబడేది. ఒకసారి అద్దం మీదికి పాకి, పట్టు తప్పి ధబ్బున పడింది. ఆ తర్వాత మూలనుంచి కదలడం మానేసింది. దాని పొట్ట రోజురోజుకీ వాడిపోతుంటే ఖాసింపీరాకు కొత్త భయం పట్టుకుంది. అది కరుస్తుందని కాదు, చచ్చిపోతుందని.

"తినడం లేదు, హజ్రత్."

లతీఫ్ షా పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. మూత పక్కకు జరిపి, గాలి ఆడేంత సందు వదిలి, దానిమీద గుడ్డ పరిచాడు.

"ఇల్లు బాగుంది. ఎవరికోసం కట్టావు?"

"దీనికోసమే."

"సరే. నువ్వు పోయి గదిలో కాసేపు తస్బీ తిప్పు."

ఖాసింపీరా గదిలోకెళ్ళి జపమాల తీశాడు. లతీఫ్ షా వచ్చి గది తలుపు ఊడదీసి గోడకు ఆనించాడు. లాంతరు తెచ్చి శిష్యుడి మొహానికి ఎదురుగా వేలాడదీశాడు. గడపలో కూర్చుని, రెప్ప వెయ్యకుండా అతన్నే చూడసాగాడు.

పూసలు నాలుగు తిరిగాయో లేదో, లెక్క తప్పింది. ఖాసింపీరా కొంచెం వెనక్కి జరిగాడు. ఆ చూపు కూడా జరిగింది. ఇంకొంచెం జరిగాడు. చెమట పట్టింది.

"హజ్రత్, మీరట్లా చూస్తా ఉంటే ఎట్లా తిప్పేది?"

"నీమీద చెయ్యి వేశానా? చూస్తా ఉన్నా, అంతే."

ఇంకా జరగబోతే వీపుకు గోడ తగిలింది. అప్పుడు తనను తాను చూసుకున్నాడు. గది మూలకు ఒదిగి, మోకాళ్ళు ఎదకు ముడుచుకుని, రెండు చేతులూ మొహానికి అడ్డంగా ఎత్తి కూర్చున్నాడు.

ఎత్తిన చేతులు మెల్లగా కిందికి దించాడు. తర్వాత లేచి, గురువు పక్కనుంచి తల వంచుకుని పెట్టె దగ్గరికి పోయాడు.

సాలీడును మళ్ళీ చెంబులోకి తోలి, పెట్టెను విప్పి సగం ఎత్తుకు తగ్గించాడు. సందుల్లో మైనం గీకేసి, చీపురుపుల్ల దూరేంత బెజ్జాలు పెట్టాడు. తడిమట్టి జానెడు లోతున నింపి అదిమాడు. ఒక పక్క బెరడు ముక్క బోర్లించి కింద గుంట చేశాడు. చిప్పలో నీళ్ళు పెట్టాడు. అద్దాలకు తన కంబళి చుట్టాడు. ఇంతా చేస్తున్నంతసేపూ మధ్యమధ్య మెడ తడుముకుంటూనే ఉన్నాడు.

సాలీడు చెంబులోంచి దిగింది. బెరడు అంచును ముందుకాళ్ళతో తడిమి చూసుకుంది. లోపలికి పోయింది. ఇక కనబడలేదు.

మర్నాడు బెరడు ముందు మిడత రెక్కలు రెండు పడి ఉన్నాయి. ఖాసింపీరాకు ఏడుపొచ్చినంత పనయింది. పరుగున వెళ్ళి గురువుకు చెప్పాడు.

లతీఫ్ షా చిల్లా గది తలుపును మళ్ళీ బిగిస్తున్నాడు.

"ఇంకేం, లోపలికి పో," అన్నాడు.

ఖాసింపీరా గడప దగ్గరే ఆగిపోయాడు. లోపల చీకటిగా ఉంది. చెయ్యి దానంతటదే మెడమీదికి పోయింది.

"భయం పోలేదు, హజ్రత్."

లతీఫ్ షా తలుపు ఒకసారి వేసి, తీసి చూశాడు. బాగానే కదులుతోంది.

"భయాన్ని పొమ్మని ఎవరన్నారు? సాలీడుకు ఇచ్చినట్టే దానికీ లోపల ఓ మూల ఇవ్వు."