రాజుగారు కోయాల్సిన తొలికాయ

అనగనగా ఒక అడవి. అడవిలో పులులూ సింహాలూ ఉంటాయని మీకు తెలుసు. కూరగాయల పెరడు కూడా ఉంటుందని తెలియకపోతే ఇప్పుడు తెలుసుకోండి. ఆ పెరడు చలమయ్య అనే కుందేలుది.

చలమయ్య భార్య తాయారు కడుపుతో ఉంది. ఆమెకు ఏం చూసినా వెగటుగా ఉండేది. బటర్ బీన్స్ కూర మాత్రం తినాలనిపించేది. చిక్కుడు జాతిలోనే గింజ వెడల్పుగా ఉండి, ఉడికితే వెన్నలా మెత్తబడే బీన్స్ అవి.

"ఏమండీ, ఒక్క గిన్నెడు తింటే చాలు, నాకు ఓపిక వస్తుంది" అంది తాయారు.

చలమయ్య మంచి మొగుడే. బాగా ఎండ తగిలే చోటు చూసి మట్టి గుల్ల చేశాడు. నేల వెచ్చబడ్డాకే గింజలు నాటాడు. నీళ్లు ఎక్కువైతే గింజ కుళ్లిపోతుందని తడి చూసి మరీ పోశాడు. ఎరువు ఎక్కువైతే ఆకులే తప్ప కాయలు రావని పిడికెడుతో సరిపెట్టాడు. తీగ పాకడానికి వెదురు పందిరి వేశాడు. మిగిలిన గింజల్ని పక్క బొరియలో ఉండే పందికొక్కు మంగాయమ్మకు ఇస్తే, ఆమె తన కంచె పక్కన నాటుకుంది. కొన్నాళ్లకు చలమయ్య పందిరి నిండా పూత వచ్చింది, ఆ తర్వాత కాయలు వేలాడాయి. అప్పుడే కోసి వండి ఉంటే ఈ కథ ఉండేదే కాదు.

ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు ఏ కొత్త పని చేసినా పెద్దవాళ్లను పిలిచి ప్రారంభోత్సవం చేయించాలి. అంతకుముందు చీమలు తమ కొత్త పుట్టకు తొండగారిని పిలిచాయి. ఆయన వచ్చి, దీవించి, సగం చీమల్ని తినేసి వెళ్లాడు. మిగిలిన సగం ఆ సంగతి అందరికీ గర్వంగా చెప్పుకున్నాయి.

చలమయ్య అంతకన్నా ఒక మెట్టు పైకెక్కాలనుకున్నాడు. తన పందిట్లో తొలికాయ సింహరాజుగారే కోయాలని పట్టుబట్టాడు. దివాను నక్క దగ్గరికి వెళ్లి మనవి చేసుకున్నాడు. రాజుగారు అడవిదున్నను తిని నిద్రపోతున్నారు, తర్వాత రమ్మన్నాడు నక్క. రెండోసారి వెళ్తే ముహూర్తాలు లేవన్నాడు. మూడోసారి రాజుగారు జూలు దువ్వించుకుంటున్నారన్నాడు. చలమయ్య ప్రతిసారీ దండం పెట్టి సంతోషంగా తిరిగొచ్చాడు.

ఇంట్లో తాయారు రోజురోజుకూ నీరసపడుతోంది. కాయలు నిండాయి, కోద్దామంది.

"రాజుగారి చెయ్యి పడకుండా మనమెలా కోస్తాం? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు చలమయ్య.

"ఆ నలుగురూ నా కడుపులో ఉన్నారండీ. వాళ్లు ఆకలనుకుంటున్నారు" అంది తాయారు.

చలమయ్య ఆ మాట వినిపించుకోలేదు. పందిరికి మామిడాకులు కడుతున్నాడు మరి.

మంగాయమ్మకు ప్రారంభోత్సవాల పిచ్చి లేదు, తిండి పిచ్చి ఉంది. కాయ నిండగానే కోసి, గింజలు వలిచి, మెత్తగా ఉడకబెట్టి తినేది. ఆమె కోసిన కొద్దీ తీగ మళ్లీ పూసేది. చలమయ్య తీగ మాత్రం కాయలన్నీ ముదిరేసరికి ఇక తన పని అయిపోయిందనుకుంది. పూయడం మానేసింది. ఆకులు పండిపోయాయి, కాయలు ఎండి గలగలలాడాయి.

అప్పుడొచ్చారు రాజుగారు.

పందిరి చూశారు. వాసన చూశారు. తుమ్మారు.

"నేను గింజలు తినను. ఇంతదూరం నడిచొచ్చాను, ఇంట్లో ఇంకేముంది?" అన్నారు.

హారతి పట్టమని తాయారును పిలవబోయిన చలమయ్య టక్కున నోరు మూసుకున్నాడు. రాజుగారు అతణ్ణి ఎగాదిగా చూశారు.

"నువ్వు బాగానే ఉన్నావే" అన్నారు.

"అంతా తమ దయ ప్రభూ" అన్నాడు చలమయ్య అలవాటు కొద్దీ. ఆ తర్వాత గాని అతనికి అర్థం కాలేదు.

సింహం దూకింది, కుందేలు పక్కకు గెంతింది. పందిరి మొత్తం రాజుగారి మీద కూలి, ఎండుతీగలు జూలులో చిక్కుకున్నాయి. దివాను ఆ చిక్కు విప్పుతుండగా చలమయ్య బొరియలోకి పరుగెత్తాడు. తాయారు లేదు. అతని పైప్రాణాలు పైనే పోయాయి. ఏడుస్తూ మంగాయమ్మ ఇంట్లో పడ్డాడు. అక్కడ తాయారు తీరిగ్గా కూర్చుని బీన్స్ కూర తింటోంది.

"ఎప్పట్నుంచి వస్తున్నావిక్కడికి?" అన్నాడు చలమయ్య, ఆమె చెయ్యి పట్టుకుని.

"మీరు నా మాట వినకుండా పందిరికి మామిడాకులు కట్టారే, ఆ రోజునుంచి" అని గిన్నె అతని ముందుకు జరిపింది. అతను సిగ్గుపడుతూనే అడుగంటా తిన్నాడు. బయట రాజుగారు జూలులో మిగిలిన తీగలతోనే గుహకు తిరిగి వెళ్లిపోయారు.

మరుసటి ఏడు రాలిన గింజలే మొలిచాయి. తొలికాయ నిండగానే చలమయ్య అలవాటుగా దారివైపు చూశాడు. అతను తల తిప్పేలోపు తాయారు దాన్ని కోసి, వలిచి, పొయ్యి మీద పెట్టేసింది. నలుగురు పిల్లలూ పొయ్యి చుట్టూ చేరారు.

ఆ పెరడు ప్రారంభించింది తామేనని రాజుగారు మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నారు.

నీతి: నిండిన కాయను ఇంట్లో ఆకలిగా ఉన్నవాళ్ల కోసం కోయండి. గొప్ప కోసం ఎవరినైనా పిలవాలనుకుంటే, ముందు వాళ్లు ఏం తింటారో కనుక్కోండి.