దివానుగారి నడుము

వెనకటికి ఒక సంస్థానంలో బాటలన్నీ గోతులే. వాటిని పూడ్పించాల్సిన దివాను ఆ పని మాని, రాజుగారి సవారీ బండికి పూవులా తేలికైన చక్రాలు చెయ్యమని వడ్రంగి గవరయ్యకు పురమాయించాడు. "గోతుల్లో విరిగాయో, ఊరు విడిచిపోవాలి" అన్నాడు.

గవరయ్య దిగులుతో అన్నం ముట్టలేదు.

"ముందు తిను మావా. తేలిక చక్రాలే చెయ్యి, మిగతాది నేను చూసుకుంటా" అంది భార్య సూరమ్మ.

మర్నాడు రాజు ఎదుటే దివానుకు దణ్ణం పెట్టింది. "బాబయ్యా, కొత్త చక్రాల మీద మొదట ఊరంతా తిరగాల్సింది పురమాయించినవారే. అది మా వడ్రంగుల ఆచారం."

"ఆచారం తప్పకూడదు" అన్నాడు రాజు.

దివాను నడుము తడుముకున్నాడు. చక్రాలు తయారయ్యేలోగా గోతులన్నీ పూడిపోయాయి.

ఊరంతా తిరిగినా చక్రాలు చెక్కుచెదరలేదు. "ఏం కర్రమ్మా ఇది?" అని రాజు మురిసిపోయాడు.

"కర్ర మామూలుదే మహారాజా" అంది సూరమ్మ. "ఆ పుణ్యమంతా దివానుగారి నడుముది!"