తుమ్ముకు ఆగని తిమింగలం

అనగనగా ఒక ఊళ్ళో కాదు బంగారూ, ఒక ఓడలో. అంతస్తుల మీద అంతస్తులున్న పెద్ద ఓడ. అలాస్కా అనే చలిసీమ పక్కనుంచి పోతోంది. సెలవులకని తణుకు నుంచి వచ్చిన ఒక కుటుంబం అందులో ఉంది. మృదుల అనే ఎనిమిదేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ నిరుపమ, నాన్న ప్రభాకరం, నాయనమ్మ వరాలమ్మ.

మృదులకి ఒకటే కోరిక. తిమింగలాన్ని కళ్ళారా చూడాలి. ఓడెక్కిన దగ్గర్నుంచి అన్నం కూడా కిటికీ పక్కనే తింటోంది. మంచుకొండల దగ్గర ఓడ ఉండేది మూడు రోజులే. ఆ తర్వాత వెనక్కి తిరిగిపోతుంది.

వరాలమ్మకి ఒక పట్టింపు ఉంది. గడప దాటేటప్పుడు ఎవరైనా తుమ్మితే వెనక్కొచ్చి కూర్చోవాలి, కాసిని మంచినీళ్ళు తాగాలి, అప్పుడు బయల్దేరాలి. తణుకులో అదేం పెద్ద ఇబ్బంది కాదు. ఆ చలిలో మాత్రం తలుపు తీస్తే చాలు, ఎవరో ఒకరు తుమ్మేవాళ్ళు.

మొదటి రోజు తిమింగలం కనిపించిందని మైకులో చెప్పారు. అందరూ లేచారు. తలుపు దగ్గర ప్రభాకరం తుమ్మాడు. వరాలమ్మ అందర్నీ కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది. అప్పుడు పైకి వెళ్ళారు. నీళ్ళ మీద నురగ మాత్రం మిగిలింది.

రెండో రోజు మంచుపలకల మీద సీళ్ళనే సముద్రజంతువులు పడుకున్నాయన్నారు, వాటి వెనకాల తిమింగలం తోక కూడా కనబడిందన్నారు. ఈసారి నిరుపమ తుమ్మింది. అత్తగారు అనకముందే గ్లాసు అందుకుంది పాపం. వాళ్ళు వెళ్ళేసరికి రెండు సీళ్ళు మూతులెత్తి చూశాయి. తిమింగలం లేదు. మృదుల మళ్ళీ వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. సముద్రంలో గడపెక్కడమ్మా అని నేనైతే అడిగేసేదాన్ని. ఆ పిల్ల అడగలేదు, నాయనమ్మంటే అంత ప్రాణం.

మూడో రోజు ఓడ పెద్ద మంచుకొండ ముందు ఆగింది. మైకులో మళ్ళీ పిలిచారు. అమ్మా నాన్నా ముక్కులకి మఫ్లర్లు బిగించారు. మృదుల ఊపిరి బిగబట్టింది. వరాలమ్మ ముందు నడిచి తలుపు తీసింది. తీసి, తుమ్మింది. ఆవిడ తుమ్మంటే మాటలా, వరండా అంతా దద్దరిల్లింది.

మృదులే వెనక్కి వచ్చి నాయనమ్మకి గ్లాసులో నీళ్ళు పోసింది. బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. వరాలమ్మ ఆ మొహం చూసింది. నా పట్టింపు తగలెయ్య, అనుకుంది. అప్పుడు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఇంకోసారి తుమ్మింది, పిల్లికూన తుమ్మినంత చిన్నగా.

"ఒంటి తుమ్ముకే ఆగాలి. జంట తుమ్ము మంచిది. పదండి" అంది.

అందరూ పరుగున వెళ్ళారు. నీలం నీలంగా మెరుస్తున్న కొండలోంచి ఇల్లంత మంచుముక్క ఊడి నీళ్ళలో పడింది. ఉరిమినంత చప్పుడైంది. ఆ తర్వాత ఓడకి దగ్గర్లోనే తిమింగలం లేచింది. ముందు నల్లటి వీపు, తర్వాత చిమ్మిన నీళ్ళు, చివరికి తోక. మృదుల నాయనమ్మ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తోక మునిగాక చెవిలో అడిగింది, "రెండోది నిజం తుమ్మేనా నాయనమ్మా?"

వరాలమ్మ సముద్రం వైపే చూస్తూ, "మీ నాన్నకి చెప్పకు" అంది.

కథ కంచికి, ఓడ రేవుకి,
తిమింగలం లోతుకి, మనం నిద్దరకి.